మూడు రూపాయల వడ్డీ

తెలుగులో అర్థం అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి మాటకు ఉండేది. రెండవది మనిషికి ఉండేది, లేదా ఉండనిది. నేను బి.ఏ.లో రెండవదాని శాస్త్రం చదివి, ఎం.ఏ.లో మొదటిదాని శాస్త్రంలోకి దిగినవాణ్ణి. "డబ్బు గురించి చెప్పే చదువు వదిలేసి, డబ్బు తేని చదువు పట్టుకున్నారు" అని మా ఆవిడ నెలాఖరు రోజుల్లో అంటూ ఉంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. ఎందుకు వదిలేశానో ఆవిడకు కూడా ఇన్నేళ్ళూ సరిగా చెప్పలేదు. ఈ మధ్య చెప్పవలసి వచ్చింది. ఆవిడతో చెప్పాక పాఠకులతో చెప్పకుండా దాచుకోవడం బాగుండదు.

కిందటి నెలలో ఒక ఆదివారం ఉదయం మా కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదివే కుర్రవాడొకడు ఇంటికి వచ్చాడు. భవానీపురంలోనే, మాకు నాలుగు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. చేతిలో మడతపెట్టిన నోటుపుస్తకం ఉంది.

"ఏమోయ్, పద్యమేమైనా సందేహమా?" అన్నాను. తెలుగు మాస్టారి ఇంటికి ఆదివారంపూట పద్యం కోసం వచ్చేవాళ్ళు లేరని తెలుసు. అయినా ఆశ!

"కాదండి మాస్టారూ, లెక్క" అన్నాడు.

"లెక్కయితే మీ ఎకనామిక్సు మాస్టారిని అడగవోయ్."

"ఆయన్ని అడిగానండి. లెక్క సరిగానే ఉందన్నారు. నేను మిమ్మల్ని అడగాలనుకున్నది లెక్క తరవాతదండి."

కూర్చోమన్నాను. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. కాఫీ చల్లారేదాకా తాగకుండా, సంగతంతా చెప్పుకొచ్చాడు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ మీద పడ్డప్పుడు, మా పేటలో పల్లపు వీధులన్నీ నీళ్ళల్లో ఉన్నాయి. వాళ్ళ నాన్న ఆటో కూడా రోజుల తరబడి నీళ్ళల్లోనే ఉంది. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించడానికి అప్పు చేశారు. ఆ అప్పు తీర్చడంలో తనూ ఒక చెయ్యి వేద్దామని, కుర్రవాడు సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఒక డైలీ ఫైనాన్సు వారి దగ్గర వసూళ్ళకు కుదిరాడు. తోపుడుబళ్ళవాళ్ళ దగ్గరికీ, టిఫిన్ బళ్ళ దగ్గరికీ, కూరగాయల బుట్టల దగ్గరికీ రోజూ వెళ్ళి ఆనాటి వాయిదా వసూలు చేసుకుని, చిన్న కార్డు మీద సంతకం పెట్టి రావడం ఉద్యోగం. పగలు క్లాసులో వడ్డీ సిద్ధాంతాలు, సాయంత్రం వడ్డీ వసూళ్ళు. "ప్రాక్టికల్సున్న ఆర్ట్సు కోర్సు నాదొక్కడిదేనండి" అన్నాడు. నవ్వించడానికి అన్నాడు గాని, వాడు నవ్వలేదు.

నోటుపుస్తకం విప్పి చూపించాడు. పద్ధతి ఇది. 10,000 రూపాయల అప్పు అని కాగితం మీద రాస్తారు. అందులో 1,000 ముందే పట్టుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "నూటికి ఎంత పడుతుంది?" అని ఎవరైనా అడిగితే, "పదివేలకు మూడు నెలల పదిరోజులకి వెయ్యి. అంటే నూటికి నెలకు మూడు రూపాయలు" అని చెప్పమని ఆఫీసులో నేర్పారు. మన వైపు మూడు రూపాయల వడ్డీ అంటే కాస్త ఎక్కువే గాని, గుండెలు బాదుకునేంత ఎక్కువ కాదు.

పాఠకులు ఒక కాగితం, పెన్సిలు తీసుకుంటే ఈ మూడు రూపాయల సంగతి తేలిపోతుంది. మొదటిరోజున ఆ బండి మనిషి దగ్గర ఉన్నది పదివేలు కాదు, 9,000. ఏభై రోజులు గడిచేసరికి అందులో దాదాపు సగం తిరిగి ఇచ్చేసింది. నూరో రోజుకు ఆమె దగ్గర ఏమీ లేదు. అంటే ఆ వంద రోజులూ సగటున ఆమె వాడుకున్నది 4,500 మాత్రమే. దానిమీద 1,000 వడ్డీ. నూటికి 22 పైచిలుకు, అదీ వంద రోజులకు. ఏడాదికి చూస్తే నూటికి 80. సూత్రం పెట్టి కచ్చితంగా కడితే 78 దగ్గర తేలుతుంది. నెలకు మూడు రూపాయలు కాదు, ఆరున్నర!

ఇది బండివాళ్ళ గొడవ, మనకెందుకని అనుకోకండి. లక్ష రూపాయల అప్పు, నూటికి ఏడాదికి 10 "ఫ్లాటు" వడ్డీ, రెండేళ్ళలో నెలవారీ వాయిదాలు అని మీకెవరైనా చెప్పారనుకోండి. వడ్డీ 20,000; నెలకు 5,000 కడతారు. చివరి నెల దాకా మొత్తం లక్షా మీ దగ్గరే ఉన్నట్టు వడ్డీ వేస్తారు గాని, అసలు నెలనెలా కరిగిపోతూనే ఉంటుంది. నిజంగా మీకు పడే వడ్డీ సుమారు 18. పదికీ పద్దెనిమిదికీ మధ్య ఉన్న దూరం కాగితం మీద కనిపించదు, వాయిదాలోనే ఉంటుంది.

కుర్రవాడి లెక్క సరిగానే ఉంది. "ఇంకేమిటోయ్ సందేహం?" అన్నాను.

"మా లైన్లో పళ్ళబండి ఆవిడ ఉందండి. అత్తా అని పిలుస్తాను. మొన్న అడిగింది: నువ్వు చదువుకున్నవాడివి గదా, నిజంగా ఎంత పడుతోందిరా అని. ఏం చెప్పమంటారు మాస్టారూ?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న నన్ను అంతకుముందే ఒకరు అడిగారు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. 2000వ సంవత్సరం. నేనూ బి.ఏ. అర్థశాస్త్రం చదువుతూ, సాయంత్రాలు ఒక ఫైనాన్సు కొట్లో పద్దులు రాసేవాణ్ణి. చిఠా, ఆవర్జా, వాయిదా కార్డులు, ప్రోనోట్లు, రెవిన్యూ స్టాంపులు - ఇదీ నా ప్రపంచం. మనిషి రాకపోతే వసూళ్ళకూ నన్నే పంపేవారు. అప్పటి అంకెలు చిన్నవి. 2,000 అప్పుకు 1,800 చేతికిచ్చి, రోజుకు 20 చొప్పున వంద రోజులు. నిష్పత్తి మాత్రం ఇదే. పాతికేళ్ళలో ఇడ్లీ ధర మారింది, ఆ పద్ధతి మారలేదు.

ఆ లెక్క నేనూ కట్టాను. కట్టి, ఆర్కిమిడీసులా పరుగెత్తుకువెళ్ళి షావుకారుగారికి చూపించాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, "బాగా కట్టావోయ్. ఇప్పుడు రెండో పేజీ కూడా కట్టు" అన్నారు. రెండో పేజీ ఆయనే చెప్పారు. కొందరు సగంలో ఎగ్గొడతారు. కొందరు ఊరు మారతారు. ఒక్కొక్కరి దగ్గరికి రోజూ మనిషి నడవాలి, వాడికి జీతం ఇవ్వాలి. ఆయన పెట్టుబడిలో సగం వేరేవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదే. "ఇవన్నీ పోగా నాకు మిగిలేదెంతో కట్టి చూడు. తరవాత ఇంకోటి కట్టు. ఏ బ్యాంకు గుమాస్తా ఆ ఇడ్లీ బండి దగ్గరికి నడిచి వెళ్ళి పద్దెనిమిది వందలు ఇస్తాడో, అది కూడా కట్టు."

మర్నాడు ఈ సంగతి మా అర్థశాస్త్రం మాస్టారికి చెప్పాను. ఆయన పాఠం ఆపి చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. 1951-52లో దేశమంతటా గ్రామీణ పరపతి మీద పెద్ద సర్వే జరిగింది. గోర్వాలాగారి అధ్యక్షతన వేసిన సంఘం ఆ నివేదికను 1954లో ఇచ్చింది. రైతు చేసిన ప్రతి నూరు రూపాయల అప్పులో సుమారు 70 రూపాయలు వడ్డీ వ్యాపారులవి. సహకార సంఘాలవి 3, ప్రభుత్వానివి 3, వాణిజ్య బ్యాంకులవి రూపాయి కూడా పూర్తిగా లేదు. ఒకప్పుడు మచిలీపట్నంలో వైద్యవృత్తి చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టినది కృష్ణాజిల్లాలోనే. 1980లో అది జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదాకా మనవాళ్ళ ఇళ్ళల్లో ఆ పాసుపుస్తకం లేని బీరువా అరుదు. కాని, బీరువా ఉన్న ఇంటి సంగతి అది. బండి ఉన్న మనిషి సంగతి వేరు.

అలా ఎందుకని నేను అడిగాను. దానికి జవాబు ఆకర్లాఫ్ అనే అమెరికా ఆచార్యుడు 1970లో రాసిన వ్యాసంలో ఉందన్నారు మాస్టారు. పాతకార్ల బజారు గురించి రాస్తూ, ఆయన మన దేశపు వడ్డీ వ్యాపారిని కూడా తలుచుకున్నాడు. అప్పు తీసుకునేవాడు ఎలాటివాడో పక్కవీధి షావుకారుకు తెలుసు, పట్నపు బ్యాంకుకు తెలియదు. ఆ తెలియడానికే అంత ధర. మరుసటి ఏడాదే, 2001లో, ఆ వ్యాసకర్తకు నోబెల్ బహుమానం వచ్చింది. మన సుమతీ శతకకారుడు మాత్రం ఏ బహుమానమూ లేకుండానే, ఊళ్ళో ఉండవలసినవాళ్ళ పట్టికలో అప్పిచ్చేవాణ్ణి అందరికన్నా ముందు చేర్చాడు, వైద్యుడికంటే కూడా ముందు!

కాబట్టి, అంకె తెలిశాక అంకె వెనకాల ఉన్న కారణాలూ తెలిశాయి. ఇక్కడిదాకా చదువు బాగానే సాగింది. తప్పు తరవాత జరిగింది.

మా లైన్లో ఒక ఇడ్లీ బండి ఆవిడ ఉండేది. పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. వసూలుకు వెళ్ళిన ప్రతిసారీ ఇరవై రూపాయలతోబాటు రెండిడ్లీ ఆకులో పెట్టి ఇచ్చేది. వద్దంటే, "చదువుకునే పిల్లాడివి, తిను" అనేది. ఒక సాయంత్రం పాత కార్డు పూర్తయి, కొత్త కార్డు రాయించుకునే ముందు అడిగింది: "బాబూ, నూటికి ఎంత పడుతుందంటావు?"

నా జేబులో ఆ లెక్క కట్టిన కాగితం ఉంది. ఆరున్నర అని అందులో నా చేత్తో రాసుకున్నదే.

"మూడు రూపాయలండి, పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ తల ఊపి వేలిముద్ర వేసింది. ఆ ఆకులోని ఇడ్లీ నేను తినలేకపోయాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. షావుకారు పక్కన లేరు. నెలకు ఆరువందల జీతం పోతుందేమోనన్న భయం ఒక్కటే ఉంది. ఆ భయం నిజమైనదే. ఆ జీతంతోనే నా పుస్తకాలూ, ఇంట్లో పాలవాడి బాకీ గడిచేవి. కాని ఆవిడ అడిగింది షావుకారు గుమాస్తాను కాదు, చదువుకునే పిల్లాణ్ణి. జవాబు చెప్పింది మాత్రం గుమాస్తా.

నెలరోజులు ఓర్చుకుని, ఒక రాత్రి బండి సర్దే వేళకు వెళ్ళి నిజం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ గిన్నెలు తోముతూనే, "మొత్తం మీద రెండొందలు పోతాయని నాకు తెలుసు బాబూ. నీ నూటికెంతో నాకెందుకు? తెల్లారితే మినప్పప్పు కొనాలి. ఆ డబ్బు పెట్టి కొంటే రోజుకు ఏభయ్యో అరవయ్యో మిగులుతాయి. నువ్వు చెప్పినా ఇదే తీసుకునేదాన్ని" అంది. కాస్సేపాగి, "అయినా అప్పుడే చెప్పవలసింది" అంది.

ఆ చివరి మాట నాకు బి.ఏ. అంతటికంటే పెద్ద పాఠమయింది. ఏడాది తిరిగాక నేను కొట్టు మానేశాను, ఎం.ఏ.లో తెలుగు తీసుకున్నాను. అర్థశాస్త్రం మీద కోపంతో కాదు. దాని తప్పేమీ లేదు. అది నాకు నిజం చూపించింది, పలకలేకపోయింది నేను. మాటలకు అర్థం చెప్పే పనిలో ఉంటే ఆ పొరపాటు మళ్ళీ జరగదనుకున్నాను కాబోలు! వడ్డీ అన్న మాట సంస్కృతంలోని వృద్ధికి వికృతి అని అక్కడ చదువుకున్నప్పుడు, ఎవరి వృద్ధి అన్న ప్రశ్న మాత్రం నాకు కొత్తగా రాలేదు.

ఇదంతా ఆ ఆదివారం కుర్రవాడికి చెప్పాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి విన్నది.

"మీ రోజుల్లో వేరండి, ఇప్పుడు వేరు" అన్నాడు వాడు, మర్యాదగానే. కొంత నిజం. కృష్ణాజిల్లాలో 2006లో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు కొన్నింటిని మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. 2015 డిసెంబరులో మన బెజవాడలోనే కాల్ మనీ పేరుతో జరిగిన వేధింపులు బయటపడి ఊరంతా ఉలిక్కిపడింది. ఇక 2024 అక్టోబరు 1 నుంచి, రిజర్వు బ్యాంకు ఆజ్ఞ ప్రకారం, బ్యాంకులూ నమోదైన ఫైనాన్సు కంపెనీలూ తామిచ్చే చిల్లర అప్పులకు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి నూటికి నిజంగా ఎంత పడుతుందో ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. అంటే, నేను జేబులో దాచుకున్న కాగితాన్నే ఇప్పుడు చట్టం అడుగుతోంది. అయితే ఆ ఆజ్ఞ రిజర్వు బ్యాంకు చేయి అందినంత మేరకే. కార్డు మీద సంతకంతో నడిచే వీధి వ్యాపారం దాకా అది రాదు. అక్కడ ఆ కాగితానికి బదులు ఉన్నది సాయంత్రం వసూలుకు వచ్చే కుర్రవాడొక్కడే.

"కాబట్టి నువ్వు వెళ్ళి ఊరంతా చాటింపు వెయ్యనక్కరలేదు" అన్నాను. "షావుకారు నీకు జీతమిస్తున్నాడు. ఆయన పద్దు గుట్టు బయట పెట్టడం నీ పని కాదు. కాని నిన్ను నిలబెట్టి అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పడం కూడా నీ పని కాదు. అంకె ఒక్కటే చెప్పి వదిలెయ్యకు. మరోదారి ఉంటే అది కూడా చెప్పు."

మరోదారి ఉంది. వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో కేంద్రం స్వనిధి అనే పథకం పెట్టింది. మొదటి విడత అప్పట్లో 10,000 రూపాయలు, తాకట్టు లేకుండా, బ్యాంకు ద్వారా. వాయిదాలు సకాలంలో కడితే వడ్డీలో నూటికి ఏడు ప్రభుత్వమే భరిస్తుందన్నారు. దానికి కావలసినవి గుర్తింపు కాగితాలు, బ్యాంకు ఖాతా, రెండు మూడుసార్లు తిరిగే ఓపిక. ఆ తిరగడానికే బండి మనిషికి పూట వ్యాపారం పోతుంది. చదువుకున్న కుర్రవాడు తోడు వెళితే ఆ పూట దక్కుతుంది.

ఇంకొక చిన్నదారి కూడా ఉంది. 2019లో నోబెల్ బహుమానం పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దంపతులు తమ పుస్తకంలో మద్రాసు పళ్ళ బండ్లవాళ్ళ గురించి రాశారు. పొద్దున అప్పు తెచ్చి సాయంత్రానికి తీర్చేస్తారు, రోజుకే నూటికి అయిదుకు దగ్గరగా వడ్డీ. రోజూ కొంచెం తక్కువ అప్పు తెచ్చి, ఆ కొంచెం తమ డబ్బే పెట్టుకుంటూ పోతే కొద్ది నెలల్లోనే అప్పు లేకుండా బయటపడవచ్చు. చెప్పడం తేలిక. రోజూ సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆ కొంచెం కోసం ఇంట్లో నలుగురు ఎదురుచూస్తూ ఉంటారు. ఈ సంగతి ఆ దంపతులూ రాశారు, మన ఇడ్లీ పిన్నిగారికీ తెలుసు.

కుర్రవాడు నోటుపుస్తకం మడిచి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళాక మా ఆవిడ, "సలహా బాగానే ఉంది. దాని ఖరీదు ఎవరు కడతారు?" అంది. ఆవిడ అర్థశాస్త్రం చదవలేదు.

ఖరీదు వాడే కట్టాడు. మూడు వారాలు గడిచాక మళ్ళీ వచ్చాడు. పళ్ళబండి ఆవిడకు ఆరున్నర అని చెప్పాడట. ఆమె కాస్సేపు మాట్లాడకుండా నిలబడి, "నా పుస్తకంలో రాసిపెట్టు" అందట. రోజుకు పది రూపాయలు డబ్బాలో వేస్తే తొమ్మిది వేలు ఎన్నాళ్ళకు పోగవుతాయో కూడా అడిగిందట. రెండున్నరేళ్ళు అని చెప్పి, అదీ రాశాడు. స్వనిధి కాగితాల కోసం ఒక ఉదయం ఆమెతో వార్డు సచివాలయానికి కూడా వెళ్ళాడు. అప్పు ఇంకా మంజూరు కాలేదు. ఈలోగా ఆమె ఇరుగుపొరుగు బళ్ళవాళ్ళకు చెప్పింది. వాళ్ళు ఆఫీసుకు వెళ్ళి అడిగారు. "లెక్క వచ్చినవాడు వసూళ్ళకు పనికిరాడు" అని యజమాని వీణ్ణి మర్యాదగానే మానిపించాడు.

నాకు నోట మాట రాలేదు. పాతికేళ్ళ క్రితం నేను మిగుల్చుకున్న జీతం, ఇవాళ నా మాట విని వీడు పోగొట్టుకున్నాడు. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన బియ్యం వర్తకుడొకాయన ఉంటే, ఆ సాయంత్రమే స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకుపోయాను. సాయంత్రాలు పద్దులు రాసే పని ఇచ్చాడు. జీతం పాతదానికంటే నెలకు వెయ్యి తక్కువ.

తిరిగి వస్తూ బ్యారేజీ దగ్గర బండి ఆపాను. కృష్ణలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. "వెయ్యి తక్కువయింది. మీ నాన్నగారు ఏమంటారోయ్?" అన్నాను.

"నిన్ననే చెప్పానండి. ఏమీ అనలేదు. తను ఆటో రిపేరుకు తెచ్చిన అప్పు కార్డు తెచ్చి నా ముందు పెట్టి, ఇది కూడా కట్టి చూడరా అన్నాడు."

"కట్టావా?"

"కట్టానండి" అన్నాడు వాడు. ఎంతో చెప్పలేదు. నేనూ అడగలేదు.